ఊడొచ్చే కుట్టు

దిల్‌మురాద్ పిస్తోలు చేతికియ్యడు.
నడుముకున్న తోలుసంచిల ఉండంగనే
కొలత తీసుకొమ్మన్నడు,
ప్యాంటు నడుము కొలిచినట్టే.

సొహార్ల మూడు దినాల సంది దుమ్ముగాలి.
పిస్తోలు నెత్తిమీద గోరంత అద్దం,
అండ్ల అగ్గిపుల్ల కొసంత ఎర్రచుక్క.
ఇసుక పడితే చుక్క కనవడదట.
బ్యాంకు బండికి కావలి ఉండేటోడు,
చెమట సుత దాని మీదికే కారుతదట.

పాత సైకిల్ ట్యూబు కోసిన.
నా కండ్లద్దాల డబ్బిల మెత్తటి గుడ్డ పీకి
లోపల అతికిచ్చిన.
లాగుల ఎలాస్టిక్ ఒక జానెడు.
"గుంజంగనే ఊడాలె మాస్టర్,
ఒక్క గుంజుడుకు."

ఇరవై ఆరేండ్లాయె మిషిను తొక్కబట్టి.
కోరుట్లల నాయిన నేర్పింది ఒక్కటే:
కుట్టు ఊడితే ఇజ్జత్ ఊడినట్టు.
ఊడాలని కుట్టుడు ఇదే మొదలు.
రెండుసార్లు బిగువైంది, ఇప్పిన.
మూడోసారి నేనే గుంజి చూసిన,
టప్పున చేతికొచ్చింది.
వాడు నవ్విండు.
నేను రెండడుగులు ఎనకకు జరిగిన.

పై వారం మల్ల వచ్చిండు.
తొడుగు మడతల నిండ ఇసుక,
అద్దం మాత్రం కడిగినట్టుంది.
"ఒక్కసారి సుత గుంజలే" అన్నడు.

ఎలాస్టిక్ బాగ వదులైంది.
అడగలే.
కొత్తది ఏసిచ్చిన.