లోపలికి నొక్కుకున్న చోటు

ఇరవై తొమ్మిదేళ్ళు ఈ ల్యాబ్‌లో గాజు పలకలు తుడిచాను.
"సూరప్పడూ, ఆరో నంబరు పెట్టె తే" అనడమే తప్ప
నన్నెవరూ ఏదీ అడగలేదు.
ఆరో నంబరు పెట్టెలో
ముప్పై మూడు గంటల కోడి పిండం,
గులాబీ రంగు పూసుకుని పడుకుంది.
ముప్పై నాలుగో గంట దానికి రాదు.

నిన్న బందరువానిపేట నుంచి
రెండో ఏడాది గుంట, మైలపిల్లి తవిటమ్మ,
స్టీలు క్యారేజీలో సముద్రం తెచ్చింది.
మూత తీస్తే ఏటీ లేదు.
నీళ్ళలో నీళ్ళు ముడుచుకుని విచ్చుకుంటున్నాయి, అంతే.
"వల నిండా ఈ జెల్లీలేనండి. చేపల్లేవు.
మా యమ్మ చేతులు సూడండి, బొబ్బలు" అంటూ
తన చేతులే చాపి చూపించింది.

మేష్టారు బోర్డు మీద సున్నా గీశారు.
మొదట ఇదేనన్నారు. కణాల బంతి, లోపల ఖాళీ.
తర్వాత ఒక పక్క
బొటనవేలుతో నొక్కినట్టు లోపలికి పోయింది,
చోడి ముద్దలో పులుసు కోసం
మా యమ్మ చేసే గుంటలాగ.
(గుంట అంటే మాకు గొయ్యి. గుంట అంటే ఆడపిల్ల కూడా.
నవ్వొచ్చింది, మింగేశాను.)
ఆ నొక్కు కడుపైంది.
బయట మిగిలింది తోలైంది.
ఎందుకు నొక్కుకుందంటే, తినడానికేనేమో అన్నారు,
ఎన్ని కోట్ల ఏళ్ళ కిందటో, అడుగున
దొరికిన మెతుకు అలకి కొట్టుకుపోకుండా
ఒడిలో దాచుకోడానికి.

జెల్లీకి రెండే పొరలు, నడుమ జిగురు.
మనకి మూడు.
బహిస్త్వచం, మధ్యత్వచం, అంతస్త్వచం,
పిల్లలు వల్లించారు జలుబు గొంతులతో.
తోలూ మెదడూ బయటిది. పేగు లోపలిది.
నెత్తురు, కండ, గుండె నడిమిది.

తవిటమ్మ లేచింది.
"రెండే ఉంటే, నడిమిది ఎక్కణ్ణించొచ్చిందండి?"

పరీక్షకి రాదు కూర్చో, అనలేదు మేష్టారు.
అందుకే ఆయనంటే నాకు గౌరవం.
కళ్ళజోడు తుడుచుకుని, తెలీదమ్మా అన్నారు.
తెలిసినంత చెప్పారు.
రాయికి అంటుకుని బతికే సముద్రపు పువ్వుంటుంది,
అదీ రెండు పొరల జీవే.
దాని జన్యువుల్ని చదివిన వాళ్ళున్నారట.
మనం పేగనుకున్న దాని లోపలి గోడ
మన కండకీ గుండెకీ దగ్గరి చుట్టంలా ఉందట.
మన పేగుకి చుట్టమేమో దాని గొంతు,
బయటి తోలు లోపలికి మడిచిన చోటు.
స్పాంజి మాటెత్తితే ఇంకా తగువు.
లోపలి కణం బయటికొచ్చి వేరే పనిలో చేరిపోతుంది,
దాన్ని ఏ పొర ఖాతాలో రాస్తారు?

నాకిది కొత్తగా లేదు.
మా తాత రేషను కార్డులో ఒక పేరు,
పొలం కాగితంలో ఇంకొకటి.
మనిషి ఒకడే. ఆయన రెండు చోట్లా సంతకం రానివాడే.

సాయంత్రం అందరూ వెళ్ళాక
రేపటి ప్రాక్టికల్‌కి గుడ్లు సరిచూస్తున్నాను.
ఆమదాలవలస నుంచి తెచ్చినవి, రెండు రోజులు పొదిగినవి.
తవిటమ్మ బస్సు టైము కాలేదని నిలబడింది.
గోరువెచ్చని ఉప్పునీళ్ళలో ఒకటి పగలగొట్టాను.
పచ్చసొన మీద
ఆవగింజంత ఎరుపు కొట్టుకుంటోంది.
కన్నింకా తెరవలేదు, రెక్క లేదు,
ఎవరి గుండో తేలకముందే గుండె మొదలెట్టేసింది.
పక్కన క్యారేజీలో అదీ
ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది.
రెండిటికీ తాళం కలవలేదు.
కలుస్తుందేమోనని చాలాసేపు చూశాం.
గుంట తన మణికట్టు పట్టుకుని
పెదాలతో ఏదో లెక్కపెడుతోంది.

"పోనీ నాగావళిలో వదిలేద్దామా?" అన్నాను.
"తియ్యనీళ్ళకి చచ్చిపోద్దండి" అంది,
వాళ్ళమ్మ చేతుల్ని కాల్చిన దాని గురించి.
మూత బిగించి, తడిగుడ్డ చుట్టి
కళింగపట్నం బస్సెక్కింది.
కిటికీ పక్కన, ఒళ్ళో పెట్టుకుని.

అందులో ఏటని కండక్టరు అడిగే ఉంటాడు.
పులుసని చెప్పుంటుంది.