ముప్పై రెండు ఓములు

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నా పని తీపిని కొలవడం.
ఒక చుక్క అద్దం మీద వేసి, కన్ను ఆనించి,
పద్నాలుగు, పద్నాలుగున్నర అని పుస్తకంలో రాయడం.
చెవికి తీపి ఎంతో చూపించే అద్దం
ఇంతవరకూ ఎవరూ నా చేతికియ్యలేదు.

సీజను బోనసు తొమ్మిది వేలు.
వెయ్యి, నీలవేణి కుట్టుమిషను మోటారుకని ముందే మాట.
మిగిలినదాంతో ట్యూబు యాంప్లిఫయరు కొంటానంటే
"ట్యూబా? వంటింట్లో ట్యూబులైటు
వారం నించి కొట్టుకుంటా ఉండాది,
ముందు దాని సంగతి చూడు" అనింది.

గ్రీమ్స్‌పేటలో ఒకాయన అమ్ముతానన్న పెట్టె చూశాను.
రెండు వాల్వులు, పొయ్యి మీద బెల్లం పాకం రంగులో.
ఏడున్నర వేలు.
లోపల ట్రాన్స్‌ఫార్మరు లేదు, అందుకే ఆ ధర.
ఎత్తి చూస్తే పిల్లికూనంత బరువు.
మనసు అక్కడే పడిపోయింది.

చెంగల్రాయుడి దగ్గరికి ఎందుకు పోయానో!
మురకంబట్టు దారిలో ఆయనది మోటార్ల వైండింగు అంగడి.
కాలిపోయిన బోరు మోటార్లు వరసగా పడుకొని ఉంటాయి,
ఒక్కోదాని మీద సుద్దముక్కతో ఒక్కో ఊరు:
పెనుమూరు, యాదమరి, తవణంపల్లె.

"నీ హెడ్‌ఫోను ఎన్ని ఓములు?"
"ముప్పై రెండు. తక్కువే గదా, సులభంగా పలకాల."
ఆయన నవ్వలేదు.

"తక్కువ ఓములంటే వెడల్పు పైపబ్బా.
అడ్డం లేకుండా పోతాయి నీళ్లు, నిజమే. నింపేదెవరు?
వాల్వు వెయ్యి అడుగుల బోర్లో మోటారు మాదిరి.
ఎత్తుకు తోస్తుంది, ధార మాత్రం వేలంత.
మూడొందల ఓముల సన్న పైపు తగిలిస్తివా,
మడి చివరిదాకా పారుతుంది.
నీదాంట్లో పోస్తే అడుగు తడిసేలోపే అయిపోతుంది."

"అంటే మోగదా?"

"మోగుతుంది.
మద్దెల మోగాల్సిన చోట నానిన అట్టపెట్టె మోగుతుంది."

తోపును తగ్గించి ధారను పెంచే
ఇనుప రేకుల ముద్ద ఒకటి మధ్యలో ఉండాలట.
బరువంతా దానిదే, ఖరీదంతా దానిదే.
అదున్న పెట్టెలు పద్దెనిమిది వేలకు కింద లేవు.
ముందు వాల్వు, వెనక సిలికాను కూర్చునే జంటపెట్టె
ఐదు వేలకే వస్తుందని కూడా ఆయనే చెప్పాడు.
"అదే కొనుక్కో. నీ కొలతకు అదే సరి."

కొలత ప్రకారం బతికేవాణ్ణే నేను.
తలూపి, మెట్లు దిగి, సైకిలు స్టాండు తీసి,
మళ్లీ మెట్లెక్కాను.
"ఆ రేకుల ముద్ద మీరు చుట్టలేరా సామీ?"

ట్రాన్స్‌ఫార్మర్లు కాలిన పెట్టె, వేలూరు పాతసామాన్ల వీధిలో, మూడు వేల రెండొందలు.
రేకులు తూకానికి. రాగితీగ గ్రాముల లెక్కన.
కూలి అడిగితే "తాండ్ర తేపో" అన్నాడు.
నాలుగు ఆదివారాలు పక్కన కూర్చుని చుట్లు లెక్కపెట్టాను,
రెండుసార్లు లెక్క తప్పాను, రెండుసార్లూ విప్పించాడు.
కరెంటిచ్చే రోజు మాత్రం గొంతు మారింది:
"రెండొందల యాభై వోల్టులుండాయి లోపల.
ఎడమ చెయ్యి జేబులో పెట్టుకో. తియ్యొద్దు."

రాత్రి పది దాటినాక
భారతం మిట్టలో ఎవరో పట్టిన పాత హరికథ క్యాసెట్టు పెట్టాను.
మద్దెల మద్దెలగానే మోగింది.
కానీ కుడిచెవిలో జుమ్మని ఏదో.
చుట్లలో తప్పనుకున్నాను, నేను లెక్క తప్పిన చోటే అనుకున్నాను,
చెంగల్రాయుడికి ఏం మొహం చూపించాలనుకున్నాను.
అంతలో నీలవేణి వంటిల్లు సర్ది
లైటు ఆపింది.

జుమ్మనేది పోయింది.

పొద్దున్నే నలభై రూపాయల స్టార్టరు తెచ్చి వేశాను.
ఆమె ఏమీ అనలేదు, అనాల్సిందంతా అనకుండానే అనింది.
రాత్రికి హెడ్‌ఫోను తానే పెట్టుకొని
కళ్లు మూసుకొని చాలాసేపు వినింది.
వాల్వుల వెచ్చదనానికి దోమలు కూడా చేరినాయి.
ఎట్లుండాది అని అడిగితే
ఒక చెవి కాస్త తొలగించి చెప్పింది:

"కథ చెప్పే ఆమెకు
ఆ పొద్దు బాగా జలుబు చేసిండాది పాపం."