పళ్లొచ్చే దీవి

తూర్పున ఉన్న దీవులు ముసలివి.
గాలి నమిలి నమిలి ఉప్పుమడులుగా ఉమ్మేసింది.
మా ఫోగోకి ఇంకా పళ్లొస్తున్నాయి,
రాత్రిళ్లు ఒళ్లు కాలిపోతుంది.

మనుషులకన్నా ముందు ఇక్కడ సముద్రపక్షులే.
తర్వాత ఓడలు. ఓడల అడుగున గొలుసులు.
ఆ గొలుసులతో దిగినవాళ్లే మా పేర్లు తెలియని తాతలు,
బూడిదలో గుంట తీసి ద్రాక్షతీగ నాటినవాళ్లు.

లావా పరుగెత్తదు. ముసలి గాడిదలా నడిచొస్తుంది.
అందుకే ఎతెల్వీనా అత్తకి తీరిక దొరికింది.
తలుపు ఊడదీసింది, కిటికీలు, దూలం,
మేకనీ ద్రాక్షసారా పీపానీ బండెక్కించింది.
చివర్న ఇల్లు ఊడ్చింది.
"వచ్చేది ఎవరైతేనేం, చెత్తింట్లోకి రాకూడదు" అంది.

కొండ కింద సర్కారు ఇచ్చిన గదిలో
ఆ తలుపు గోడకానుకుని మూడేళ్లు నిలబడింది,
ఎటూ తెరుచుకోకుండా.

ఇప్పుడు పాత కప్పు మీద పన్నెండడుగుల రాయి,
రాయి మీద కొత్త గది, అదే తలుపు.
అడుగున కాస్త కోయాల్సొచ్చింది.
నేల ఇంకా వేడి, చెప్పుల్లేకుండా నిలబడలేం.

అత్త రొట్టెపిండి కలిపి
గుడ్డ కప్పి నేలమీదే పెడుతుంది.
తెల్లారేసరికి పొంగి ఉంటుంది.
పిడికిలితో ఒక్కటి గుద్దుతుంది దాన్ని,
కొండవైపు చూస్తూ.