మట్టి రంగుల పుస్తకం

అడుగున్నర లోతు తవ్వి
గుప్పెడు మట్టి తీసి
రంగుల పుస్తకం చిల్లుల వెనక పెట్టి చూస్తాను.
బూడిద రంగులో తుప్పు మరకలు.
అంటే ఏడాదిలో కొన్ని వారాలైనా
ఇక్కడ నీళ్లు నిలిచాయని.
మిన్నెసోటా రాష్ట్రం నాకు జీతమిచ్చేది
ఈ ఒక్క మాట రాయడానికే.

హాల్వర్ టోర్గర్సన్ గట్టు మీద నిలబడి
"మా తాత దున్నిన చెలక ఇది" అన్నాడు.
"గుర్రాలు దిగబడలేదా?" అన్నాను.
నవ్వలేదు. లాయర్ని పెట్టుకున్నాడు.

ఆరేళ్లు.
మా ఆఫీసు రూలు మార్చింది,
కింది కోర్టు పాత రూలే చెల్లుతుందంది,
పై కోర్టు "ఆనుకుని" అనే మాట దగ్గర
బండి చక్రంలా ఇరుక్కుపోయింది.
మధ్యలో రోడ్డుంటే
ఈ తడి ఆ వాగును ఆనుకున్నట్టేనా?
ముగ్గురు జడ్జీలు, ఒక్కరి బూటుకూ బురదంటలేదు.
తప్పుపట్టను. వాళ్లది కాగితం పని.
నాదీ చివరికి కాగితమే.

రోడ్డు కింది తూములోంచి
కప్పలు మాత్రం అటూ ఇటూ
వాయిదాల్లేకుండా తిరిగాయి.

హాల్వర్ గెలిచాడు.
నలభై రెండు పేజీల తర్వాత
మూడెకరాలు పొడినేల అయ్యాయి.

ఏప్రిల్లో ఫోన్ చేశాడు.
షెడ్డు కోసం పోసిన కంకర
రెండు లారీలది, కనిపించడం లేదట.
కేసు గురించి కాదన్నాడు.
కాసేపు ఊరుకుని,
"ఆ పుస్తకంలో మా నేలది ఏ పేజీ?"

చెప్పాను.
పెన్సిల్ గీస్తున్న చప్పుడు,
దాని వెనక, చాలా దగ్గరగా, కప్పలు.