తెగిన జాగ

పాట యాడ నేర్సుకున్నవని అడిగిండు
స్టూడియోల అద్దం అవతలాయన.
నారాయణపేట అన్న.
ఊరు గాదు, గురువు పేరు జెప్పు అన్నడు.
నోట్ల నాలిక తిరగలే.

ఇప్పుడు జెప్తున్న, ఆయన ఇనకున్న.

బస్టాండ్ ఎన్క, సైకిల్ దుకాణం పక్కన
బీరువా అంత కొట్టు, దస్తగీర్ సాబ్‌ది.
బల్ల మీద టేప్ రికార్డర్లు
కడుపు తెరుసుకొని పండుకుంటుండె.
బడి ఎగ్గొట్టి నేను ఆడనే.
పెన్సిల్ దూర్సి క్యాసెట్ తిప్పుడు,
ముడుతలు వడ్డ రీలు గోటితోటి సాపు జేసుడు,
చాయ్ తెచ్చుడు, నా పని.

ఒకనాడు పెండ్లి బ్యాండోల్ల క్యాసెట్ వచ్చింది,
మిషన్ నమిలి ఊశిన రీలు.
సాబ్ బ్లేడు వట్టి జానెడు కోశిండు.
రెండు కొసలు కలిపి
మా అక్క గోర్లరంగు చుక్కంత పూశి ఊదిండు.
"పాట బతికింది బేటా, ఒక్క మాటనే సచ్చింది."

నిజమే. రెండో చరణంల
ఆమె తలుపు దీసుడు ఉన్నది,
దీపం ఆర్పుడు ఉన్నది,
నడుమ ఏమైందో లేదు.
టక్కున దుంకుతది.

ఆ రాత్రి గా సందులకు ఒక మాట తోలిన.
అత్తరు సీసా ఖాళీ అని.
తాళానికి కూసోలే.
వాన వాసన లోపలికొచ్చె అని మార్సిన.
కూసుంది, కొంచెం వంకరగ.
పదకొండేండ్లోనికి ఏమెరుక,
తలుపు దీస్తె వాసనొస్తదని తప్ప.

తాళం సంగతైతే మా అవ్వను అడగాలె.
మగ్గం గుంటల కాళ్లు వెట్టి కూసుంటే
నాడె ఇటు, నాడె అటు, పన్నె దెబ్బ.
పోగు తెగితే మగ్గం ఊకుంటది.
సప్పుడుకు గాదు,
ఆ ఊకునుడుకు నేను నిద్రల కెల్లి లేస్తుంటి.
నాలిక తడితోటి పోగు ముడేసి
అవ్వ మల్ల మొదలువెడితే
అప్పుడు పండుకుంటుంటి.
ఆమె పాడంగ ఎన్నడు ఇనలే.

ఇగ దామరగిద్ద తిప్పమ్మ.
సచ్చినింటికి ఆమెను పిలుసుకపోతుండ్రి.
మంచోడివి కొడుకా అని అననే అనదు.
గూట్ల సగం తాగిన బీడి ఉన్నదిరా,
ఎడమ చెప్పుకు మొన్ననే కొత్త ఉంగటం ఏపిస్తివిరా,
సేటు దుకాణంల నలభై రూపాయల బాకి
ఎవ్వలు గట్టాలెరా
అని ఎత్తుకుంటది.
దుఃఖం పెద్దగైతే కన్నడంలకు దాటుతది,
కన్నడం రానోల్లు గూడ ఆడ్నే కూలవడుతుండ్రి.
అయ్యాల్టి సంది
మనసు, మమత అని రాయబోతే
తిప్పమ్మ అడ్డమొస్తది:
గూట్ల ఏమున్నదో జెప్పురా ముందు.

మొన్న ఫోన్ల దొరికింది ఆ పాట,
యాడ తెగకుంట, నిండుగ.
ఇరవయ్యారేండ్లకు.
ఊట్కూరు తొవ్వల ట్రాలీ ఆటో పక్కకాపి ఇన్న.
ఎన్క ఉల్లిగడ్డ సంచులు, మీద ఎండ.
తలుపు దీసింది ఆమె.
నా పానమంత చెవులకొచ్చింది.
సామి వచ్చిండని సంబురపడే మాట ఏదో ఉన్నది.
మంచిగనే ఉన్నది, తప్పు వట్టలేను.
రాసినాయన పెద్దోడే కావొచ్చు.
వాన వాసన మాత్రం రాలే.

మల్లోపాలి పెట్టిన.
ఆ జాగకు రాంగనే సౌండు తగ్గించి
నా మాట నేనే అనుకున్న.
బర్లు తోలుకవోయే ముసలామె
ఆగి సూశి పోయింది.

దస్తగీర్ సాబ్‌కు జెప్దామని వోయిన.
కొట్టుల కొడుకు ఫోన్ కవర్లు అమ్ముతుండు.
ఎనక మంచంల ముసలాయన.
యాదికి లేదు.
నా పేరు లేదు, పాట లేదు, గోర్లరంగు లేదు.
"ఎన్ని జానలు కోశిననో బేటా" అని నవ్వి
చెయ్యి సాపి సూసుకున్నడు,
బొటనేలు నుంచి చిటికెనేలు దాంక.
వణుకుతుంది గని
కొలత గంతనే ఉన్నది.