రెండు డ్రమ్ముల నడుమ

కార్తీకం సగం దాటింది.
ఆఖరి టికెట్టు నిన్ననే చింపిన.
హన్మకొండల ఇప్పుడు ఈతకెవరొస్తరు?
మెట్ల మీద ఎవరో పిలగాడు మరిచిపోయిన నీలం కళ్లద్దాలు
కౌంటర్ల పెట్టిన,
ఫిబ్రవరి దాకా వాని చూపు నా దగ్గర్నే.

యాకూబ్, మోటరు బంద్ చెయ్యి.
ఇగ రా, మందుల గది తాళం తీస్తున్న.
ఆగు.
ముందు కిటికీ. ముందు గాలి పోవాలె లోపలికి,
తర్వాతనే మనం.

ఎండాకాలంల మిగిలిందంత ఈడనే ఉంది:
అర బస్తా పటిక,
డబ్బా అడుగున మైలుతుత్తం,
చూస్తె నెమలి మెడ, నాకితె పాడె.
మూత బిగిచ్చిన తెల్ల బిళ్లలు.
తలుపు పక్కన బ్లీచింగు డ్రమ్ము.
అటు చివరన, గోడకు ఆనిచ్చి, యాసిడు.
అసలైతె రెంటికి రెండు గదులుండాలె,
సార్లకు మూడేండ్లసంది చెప్తున్న.
నడుమ పన్నెండడుగుల జాగ చూసినవా?
సామాను పెట్టబోకు.
అది ఖాళీ జాగ కాదు,
అది ఓదెలు కాక.

నాకు పని నేర్పినోడు.
ఒక చలికాలం, ఇట్లనే ఆఖరి రోజు,
డబ్బాలు తక్కువైతయని
రెండు మిగుళ్లను ఒక్క బకెట్ల పోసిండు.
రెండూ సాఫ్ చేసేటియే గదా అనుకున్నడు.
పసుపూ పచ్చా కాని పొగ
పిల్లి లెక్క నేల మీద పాకి
మోకాళ్ల కాడ ఆగి
ఒక్కపారి మీదికి దుంకింది.
ఎంజీఎంల పదకొండు రోజులు.
బతికిండు. ముక్కు సచ్చిపోయింది.
తొలకరికి వాకిట్ల నిలబడి మనుమరాలిని అడుగుతడు
"వస్తుందా బిడ్డా?"
"వస్తుంది తాతా, కాలిన పెంక మీద నీళ్లు చల్లినట్టు."
గట్ల, మట్టి వాసనను చెవులతోని ఇంటడు.

అందుకే, దేని చెంచ దానికే.
చెయ్యి తడిగుంటె తుడుచుకో.
బిళ్లలు, పొడి, రెండూ క్లోరినే గదన్నా అంటవు.
అన్నదమ్ములే,
ఒక్క ఇంట్ల ఉంచితె కొంప కాలుతది.
యాసిడే పోయి నీళ్లల్ల పడాలె, సన్నగ, దారం లెక్క.
నీళ్లు దాని మీదికి పోవద్దు.
నాలాల పారబోద్దామా?
నాలా కింద చెరువు, చెరువుల జెల్లలు.
మనకు మిగిలింది
వాటికి మొదలైతది.
మూత పెట్టు. తారీఖు రాయి. సుద్దతోని కాదు, పెయింటుతోని.

ఖాళీ నీలం డ్రమ్ము సంగతి నీకు తెల్వది.
గేటు కాడ చాయ్ అమ్మే ఉప్పలమ్మ అడిగింది,
"నల్లా దినం తప్పి దినం వస్తది, తాగే నీళ్లకు ఇయ్యరాదు?"
కడిగిస్త అనుకుంది.
నేను ఆమె చూస్తుండంగనే డ్రిల్లు తెచ్చి
అడుగుకు ఆరు బొక్కలు కొట్టిన.
"ఇయ్యకుంటె ఇయ్యకపో, పాడు చేసుడెందుకు" అన్నది.
ఏం చెప్పాలె? ప్లాస్టిక్కు తాగిన మందు
కడిగితె పోదని చెప్పిన.
ఇన్నదో లేదో.
నాలుగు దినాలసంది నా చాయల చక్కెర తక్కువ.

కానియ్యి. తాళమెయ్యి.
చెవి నీ దగ్గరుంచు, మంగళవారం మంగళవారం వచ్చి
తలుపు సందు కాడ గాలి పీల్చి చూడు.
ఏమన్న వస్తె లోపలికి పోకు, ఉరుకు.
ఇప్పుడు చూడు. ఏమన్న వస్తుందా?

"ఏం వస్తలేదన్నా."

ఏం వస్తలేదంటె మంచిదే.
కానీ ఓదెలు కాకకు గూడ ఏం రాదు.
నాకు నమ్మకం కుదరక
ఉప్పలమ్మ గ్లాసు తెచ్చి వాని ముక్కు కింద పెట్టిన,
కండ్లు మూపిచ్చి.
"ఇది?"

వాడు నవ్విండు.
"అల్లం. జర మాడింది."

ఆఁ. ఇగ పోదాం పా.