తడి తగిలినప్పుడు

సస్కాచెవాన్‌లో, రైలు ఆగడం మానేసిన ఒక ఊళ్ళో
ఒరెస్ట్ ద్మిత్రుక్ చేసే పని ఇదీ:
ధాన్యపు కొట్ల కింద కాపురం పెట్టిన స్కంకుల్ని
బోనులో పట్టి, బోను మీద పాత దుప్పటి కప్పి
పది మైళ్ళవతల వాగు గట్టున వదిలిపెట్టడం.

దుప్పటి ఎందుకంటే, చీకట్లో అది తొందరపడదు.
నిజానికి వెలుతురులోనూ తొందరపడదు.
ముంగాళ్ళతో నేలను తట్టి చెబుతుంది,
బుసకొట్టి చెబుతుంది,
తోక నిక్కబెట్టి ఆఖరిసారి అడుగుతుంది:
వెళ్ళిపోరాదూ?
ఉన్నది మూడు చెంచాల సరుకు,
ఐదారు సార్లకు సరి,
మళ్ళీ నిండాలంటే వారం పైనే.
పిసినారితనం కాదది. నెలాఖరు తెలిసిన ఇల్లాలి లెక్క.

ఆ పసుప్పచ్చని నూనెను
ఒరెస్ట్ కూతురు దార్కా ముక్కుతో కాదు, గీతలతో గుర్తుపడుతుంది.
రెజైనాలో ఆమె లాబ్‌లో
యంత్రం కాగితం మీద ఏడు శిఖరాలు గీసింది.
మూడు థయాల్స్:
కర్బనపు ఒంటికి చివర గంధకం,
గంధకాన్ని పట్టుకు వేలాడే ఒక్క ఉదజని.
కాటేసే పన్ను అదే.
వందకోట్ల పాళ్ళ గాలిలో పది పాళ్ళు చాలు,
ముక్కు లేచి నిలబడుతుంది.

ఇంకో మూడు వాటి తోబుట్టువులే,
కాకపోతే గంధకం నోటికి ఎసిటేట్ బిరడా.
పెద్దగా వాసనుండదు.
ఉన్నిలో, బూటు కుట్లలో, కుక్క చెవి వెనకాల
కిక్కురుమనకుండా పడుకుంటాయి,
నీళ్ళు తగిలేదాకా.

(ఏడోదాని సంగతి ఎవరికీ పట్టదు.)

ఇంగువ కట్టిన గుడ్డ అంటాం మనం.
పాపం, అది దాపరికం లేని గుడ్డ,
ఏ రోజైనా ఇంగువే.
ఇది వేరు. పోయిందనుకుని మరిచిపోయాక
ఒక తేమగాలికి బిరడా ఊడుతుంది.

ఫిబ్రవరిలో, కర్లింగ్ ఆట మధ్యలో,
మంచు మీద రాయిని నెట్టబోయి
ఒరెస్ట్ లేవలేదు.

ఏప్రిల్‌లో మంచు కరిగింది.
వసారాలో మేకుకు వేలాడే కాన్వాసు కోటు
తెల్లవారుజామున మేలుకుంది.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆ కోటును
గడప దాటనివ్వలేదు స్తెఫానియా.
పక్కింటావిడ టమాటా రసం డబ్బాలు తెచ్చింది.
దానివల్ల ఏమీ పోదు,
ముక్కు అలిసిపోతుంది, అంతే.
అలిసిపోవడాన్నే
తగ్గిపోవడం అనుకుంటాం.

దార్కాకు అసలు మందు తెలుసు:
ఒక సీసా పెరాక్సైడు, పావు కప్పు వంటసోడా,
చెంచాడు గిన్నెలు తోమే సబ్బు.
అప్పటికప్పుడు కలపాలి,
మూత పెట్టి దాచితే సీసా పగులుతుంది.
ఆక్సిజన్ వెళ్ళి గంధకం మీద కూర్చుంటుంది,
పన్ను ఊడుతుంది,
మిగిలింది నీళ్ళలో కలిసిపోయే
ఊరూ పేరూ లేని ఉప్పు.

బకెట్లో నురుగు చిటపటలాడుతోంది.
"దేనికే అది?"
"కోటుకి."

స్తెఫానియా మేకు మీంచి కోటు తీసింది.
బకెట్ పక్కనుంచే నడిచి
పెరట్లో తీగ మీద ఆరేసింది,
చేతులు రెండూ బారజాపి.

పడమట మబ్బు నల్లగా దిగుతోంది.
బకెట్లో ఆక్సిజన్ ఎవరి కోసమూ ఆగకుండా
బుడగ బుడగగా వెళ్ళిపోతోంది.

"అమ్మా, వానొస్తోంది."

"తెలుసు" అంది స్తెఫానియా,
ఇంకో క్లిప్పు పెడుతూ.